గ్రహణం నాడు అతికిన పోగులు

మా వదిన మీద సాక్ష్యం చెప్పేనాటికి నాకు పదకొండేళ్లు. చిన్నపిల్లవు, నీకేం తెలుసు పాపం అని ఎవరైనా ఓదార్చబోతే నాకు ఒళ్లు మండుతుంది. పదకొండేళ్లకు అన్నీ తెలుస్తాయి. ఏది చెప్పాలో, ఏది మింగాలో మరీ బాగా తెలుస్తుంది. నేను సగం చెప్పి సగం మింగాను.

మాది జమ్మికుంటకు రెండు కోసుల దూరంలో ఉన్న ఊరు. రజాకార్ల గడబిడ సద్దుమణిగి, సాలోళ్ల వాడలో మగ్గాలు మళ్లీ ఆడుతున్న రోజులవి. మా ఇంట్లో రెండు మగ్గాలుండేవి. ఒకటి బాపుది, ఒకటి అన్నది. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు దాని కొసలను అలాగే ఉంచి, ఒక్కో పోగుకు కొత్త పడుగు పోగును అతకాలి. బొటనవేలికీ చూపుడువేలికీ బూడిద అద్దుకుని, రెండు కొసలు కలిపి ఒక్క మెలి పెట్టాలి. మిగిలిన తోకను తెంపాలి. అలా వందల పోగులు. నడుము పడిపోయే పని. మా ఇంట్లో అది ఆడవాళ్ల వంతు. అన్నకు ఆ పని చేతకాదు. ఆయన కుడి బొటనవేలు సన్నగా పుల్లలా ఉండి వంగేది కాదు. పసితనంలో మగ్గం దూలం కింద పడి నలిగిందని మమ్మల్ని కన్న అవ్వ చెప్పేది. మేమూ అదే నమ్మాం.

వదినది అడవుల జిల్లా ఆదిలాబాద్‌లో బోథ్. అంత దూరం నుంచి ఎందుకు తెచ్చుకున్నారో నాకు తెలియదు గానీ, ఆమె వచ్చాక మా ఇంట్లో నవ్వు వినిపించింది. నా తల దువ్వేది. నేను చేయని పనులు తాను చేసి నేను చేశానని చెప్పేది. "గీ పిల్లను నువ్వే ఖరాబు చేస్తున్నవ్" అని అవ్వ తిడితే, "జర పెరగనీ అత్తమ్మా, పెరిగినంక అదే చేస్తది" అనేది. చిన్నప్పుడే పోయిన నా సొంత అక్క బతికి ఉన్నా నన్ను అంత గారం చేసేది కాదు.

ఆమెకు ఐదో నెలలో సూర్యగ్రహణం పట్టింది. పట్టపగలు. కడుపుతో ఉన్న మనిషి గ్రహణం విడిచేదాకా చీకటి గదిలో కాళ్లు చాపి వెల్లకిలా పడుకోవాలి. గోకకూడదు, కోయకూడదు, తెంపకూడదు. కోస్తే బిడ్డకు మొర్రి వస్తుందని ఊరంతా నమ్మేది. అవ్వ మగ్గాల గదిలోనే ఒక మూల చాప పరిచి వదినను పడుకోబెట్టి తలుపు దగ్గరకు వేసింది. ఆ పొద్దున్నే బాపు నాకు పని చెప్పాడు. అన్న మగ్గం మీద కొత్త పడుగులో నలభై యాభై పోగులు మిగిలాయి, గ్రహణం పట్టకముందే అతికేయమన్నాడు. విడుపు స్నానం చేసి రాగానే మగ్గం ఆడాలన్నాడు. పోగు మిగిలిందంటే ఈపు పగులుతుందని కూడా చెప్పాడు. బాపు మాటంటే మాటే, దెబ్బంటే దెబ్బే.

నేను పది పోగులు అతికానో లేదో, పక్కింట్లో పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెడుతున్నారని కేక వినబడింది. గ్రహణం పట్టినంతసేపూ రోకలి ఏ ఆసరా లేకుండా నిలుచుంటుందట. ఆ వింత వదులుకుంటానా? ఒక్క గెంతులో పోయాను. రోకలి నిలుచుంది. నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. పోగుల సంగతి గుర్తొచ్చి పరుగెత్తుకొచ్చేసరికి, మసక చీకట్లో మగ్గం ముందు వదిన కూర్చుని ఉంది. ఐదో నెల కడుపుతో ముందుకు వంగి పోగులు అతుకుతోంది. కత్తి ముట్టకూడదు గదా, తోకలను పళ్లతో కొరుకుతోంది.

"వదినా, లేవకూడదు గద!" అన్నాను.

"నీ ఈపు పగిలినంక లేస్తనా? రెండే ఉన్నయి, అయిపాయె. ఎవ్వలకు చెప్పకు" అని నవ్వి, మళ్లీ పోయి చాప మీద పడుకుంది. ఆ సాయంత్రం బాపు నన్ను మెచ్చుకున్నాడు. నేను మెప్పు పుచ్చుకున్నాను.

తొలి కాన్పు పుట్టింట్లో కావాలి. వానలకు వాగులు పొంగి బోథ్ దారి తెగిపోవడంతో మా ఇంట్లోనే అయింది. మంత్రసాని బిడ్డను చేతిలోకి తీసుకుని దీపం దగ్గరకు జరిపింది. ఆడపిల్ల. పెదవి కింద గదవ ఉందా లేదా అన్నట్టు లోపలికి పోయింది. కళ్లు బయటి కొసల దగ్గర కిందికి జారి ఉన్నాయి. చెవులు ముడుచుకుపోయాయి. రెండు చేతులకూ నాలుగేసి వేళ్లే. బొటనవేళ్లు లేవు. పాలు పడితే ముక్కులోంచి వచ్చేవి. వెల్లకిలా పడుకోబెడితే ఊపిరాడక నల్లబడేది. మూడో రోజో నాలుగో రోజో వదిన దాన్ని తన తొడల మీద బోర్లా వేసుకుంది. వెంటనే ఊపిరి తేలిగ్గా ఆడింది. అప్పటి నుంచి బిడ్డను అలాగే పడుకోబెట్టేది. దూది వత్తితో బొట్టు బొట్టుగా పాలు పట్టేది. అవ్వ మాత్రం నెత్తి కొట్టుకునేది. "పసిగుడ్డును బోర్ల పండవెడ్తరా? చేసింది చాలలేదా నీకు?" అనేది.

చేసింది అన్న మాట అప్పుడే మొదలైంది. ఏం చేసిందో కనుక్కోవాలి గదా! పదకొండో రోజు స్నానం కాగానే కులపెద్దలు మా వాకిట్లో కూర్చున్నారు. గ్రహణం నాడు లేచినవా అని వదినను అడిగారు. లేవలేదంది. పెద్దలు ఇంట్లోవాళ్లను ఒక్కొక్కరినే అడిగారు. చివరికి నన్ను పిలిచారు. అప్పటిదాకా ఆ వాకిట్లో నన్ను ఎవరూ ఏదీ అడిగింది లేదు. తలపాగాల పెద్దమనుషులంతా నా వైపు చూస్తున్నారు. "భయపడకు బిడ్డా, చూసింది చూసినట్టు చెప్పు" అన్నాడొకాయన. నిజం చెబుతున్నాను, నాకు గొప్పగా అనిపించింది. సిగ్గులేని గొప్ప.

"లేచింది. పోగులు అతికింది. పండ్లతోని కొరికింది" అన్నాను.

ఎవరి పోగులో చెప్పలేదు. ఎవరి వంతు పనో చెప్పలేదు. బాపు అక్కడే కూర్చుని ఉన్నాడు మరి.

పెద్దమనుషులకు లెక్క ఎంత చక్కగా కుదిరిందో! "నోటితోని కొరికింది, బిడ్డకు నోరు పాయె. బొటనేలుతోని మెలివెట్టింది, బొటనేళ్లు పాయె" అన్నాడాయన. అందరూ తలలూపారు. వేరే కులం వాళ్ల ఇంట్లో అయితే ఇంత చక్కగా కుదిరేది కాదేమో. బొటనవేలు పోగుకు ఎంత అవసరమో మాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? ఎద్దు ఈనిందంటే గాటికి కట్టేయమన్నట్టు, ఆ పూటకే తీర్పయింది. తల్లీబిడ్డా పుట్టింటికి పోవాలి.

ఎందుకు లేచినవని ఎవరో అడిగితే వదిన, "మగ్గం ఆగుతదని లేచిన" అంది. అంతే. నా పేరెత్తలేదు. అన్న తల వంచుకుని ఆ వంగని బొటనవేలును పిడికిట్లో దాచుకుని కూర్చున్నాడు. పెళ్లాం మీద ప్రేమ లేక కాదు. నోరు లేక. వదిన వాళ్ల నాన్న వచ్చి బిడ్డను గొంగడిలో చుట్టుకుని ఆమెను తీసుకుపోయాడు. నేను మగ్గం చాటు నుంచి చూశాను. పోయొస్త పిల్లా అని ఆమే అంది. నేను ఇంకా లోపలికి జరిగాను.

రెండు మూడేళ్లకు కులంలో తెగదెంపులు చేసి అన్నకు మళ్లీ పెళ్లి చేశారు. రెండో వదినకు మొదట ఆడపిల్ల పుట్టింది, చక్కగా ఉంది. "చూసిన్రా? మా ఇంట్ల తప్పులేదు" అని అవ్వ వాడంతా తిరిగి చెప్పింది. బాపు ఆ సంతోషంతోనే పోయాడు. నాకు పెళ్లయింది. మా ఇంటాయన కరీంనగర్‌లో బడిపంతులు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో రెండో వదినకు మగపిల్లవాడు పుట్టాడు. అదే గదవ, అవే కళ్లు, అవే నాలుగేసి వేళ్లు.

ఆ ఏడు గ్రహణమే లేదు. అయినా అవ్వ కోడలిని వదల్లేదు. ఏం కోసినవ్, ఏం తిన్నవ్, ఏ గడప తొక్కినవ్ అని అడిగి అడిగి, ఏమీ దొరక్క ఊరుకుంది. పిల్లవాడికి ఊపిరాడడం లేదని బండి కట్టుకుని జమ్మికుంటకు, అక్కణ్ణుంచి బస్సులో కరీంనగర్‌లో మా ఇంటికి తెచ్చారు. మా ఆయన బడికి పోయాడు. నేను, అవ్వ, అన్న పిల్లవాణ్ణి దవాఖానకు తీసుకుపోయాం.

అక్కడ కోస్తా నుంచి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఉండేది. ఆమె మాట మాకు సగం అర్థమయ్యేది కాదు, మా మాట ఆమెకు అసలే అర్థమయ్యేది కాదు. పిల్లవాణ్ణి చూసి మొట్టమొదట చేసిన పని, వాణ్ణి బోర్లా తిప్పడం. "ఎప్పుడూ ఇలాగే పడుకోబెట్టాలి. వెల్లకిలా వేస్తే నాలుక వెనక్కి పడి ఊపిరి ఆగుతుంది" అంది. బోథ్ నుంచి వచ్చిన చదువురాని పిల్ల, పది మంది తిడుతుంటే, తనంతట తాను ఇది కనిపెట్టింది.

తర్వాత డాక్టరమ్మ పిల్లవాణ్ణి వదిలేసి అన్న చేతిని చూసింది. "నీ బొటనవేలు ఏమైంది?"

"చిన్నప్పుడు మగ్గం కింద నలిగిందమ్మ" అన్నాడు అన్న.

ఆమె ఆ వేలును అటూ ఇటూ తిప్పి చూసింది. అన్న కళ్లు చూసింది, గదవ పట్టుకుని చూసింది. చెవులు చూసింది. "నలిగిన వేలు ఇలా ఉండదు. ఇది పుట్టుకతోనే ఇలా ఉంది" అంది. మీ నాన్న ఎలా ఉండేవాడని అడిగింది. బాపుకు ఎప్పుడూ గడ్డం ఉండేది, అందులో గదవ ఎంతుందో మాకెవరికీ తెలియదు. అన్న అదే చెప్పాడు.

ఆమె ఓపిగ్గా చెప్పింది. ఇది చాలా అరుదైన జబ్బు, తానే పుస్తకంలో బొమ్మ చూసిందే తప్ప మనిషిని చూడలేదు. ఇది వంశంలో దిగే గుణం. ఒకరిలో ఒక్క వేలు వంగకపోవడంతో సరిపోతుంది, ఇంకొకరిలో ముఖమూ చేతులూ దెబ్బతింటాయి, మరొకరికి అసలే రాకపోవచ్చు. వినికిడి కూడా తగ్గవచ్చు, కానీ బుద్ధికి ఏ లోటూ ఉండదు. నేను ఉండబట్టలేక గ్రహణం సంగతి అడిగాను. తల్లి పోగు కొరికితే ఇట్లయితదా అని.

"తల్లి ఏం కొరికినా కాదు, ఏం కోసినా కాదు. బిడ్డ ముఖమూ చేతులూ రెండు నెలలు దాటేసరికే ఏర్పడిపోతాయి. ఆ తర్వాత తల్లి ఏం చేసినా వేళ్లు రాలిపోవు" అంది.

ఐదో నెల. గ్రహణం నాటికి వదినకు ఐదో నెల. ఆమె చాప మీద నుంచి లేవకముందే ఆ బిడ్డకు బొటనవేళ్లు లేవు.

ఆ మధ్యాహ్నం మా ఇంట్లో అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని, మేమేమీ అడగకుండానే చెప్పింది. "వాని బొటనేలు పుట్టంగనే గట్లున్నది. మగ్గం లేదు, దూలం లేదు. మా అత్తకు తెలిస్తే నన్ను బతకనిస్తుండెనా? దూలం పడ్డదని చెప్పిన. గా ముచ్చట చెప్పీ చెప్పీ నేనే నమ్మిన."

"మరి గా పిల్లనెందుకు ఎల్లగొట్టినవే అవ్వా?" అని అరిచాను.

"నన్నంటరని" అంది. కాసేపటికి నా చెయ్యి లాక్కుని తన నెత్తి మీద పెట్టుకుని ఒట్టు వేయించుకుంది. బోథ్‌కు చెప్పకూడదు, నా అత్తగారింట్లో అసలే చెప్పకూడదు. "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడ్తది బిడ్డా. రేపు నీ కడుపును కూడ అంటరు" అంది. అన్న లేచి బయటికి పోయాడు. ఆ పిల్లవాడు ఆ వానాకాలం జ్వరానికి పోయాడు.

ఒట్టు ఒక సాకు. అవ్వ ఉన్నన్నాళ్లూ దాన్ని కప్పుకుని పడుకున్నాను. వదిన రోజూ ఆ బిడ్డ ముఖం చూస్తూ ఏమనుకుంటూ ఉంటుందోనని ఎన్నిసార్లో అనుకున్నాను. ఒక్క కార్డు ముక్క రాయలేదు. పెళ్లయి ఎనిమిదేళ్లయినా నాకు పిల్లల్లేరు. అద్దం ముందు నా బొటనవేళ్లు వంచి చూసుకునేదాన్ని, గదవ తడుముకునేదాన్ని. అవ్వ పోయిన మరుసటి ఏడు నాకు కడుపు నిలిచింది. అప్పుడు పుట్టింది భయం. నేను బోథ్‌కు పోవాలనుకున్నది వదిన కోసమని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. ఆమె ఉసురు కడుక్కుంటే నా బిడ్డకు మంచి జరుగుతుందని పోయాను.

ఐదో నెల కడుపుతో ఒంటరిగా పోనిస్తారా? మా ఆయన వెంట వచ్చాడు. పాత వదినను, ఆ పిల్లను ఒకసారి చూడాలని ఉందని మాత్రమే చెప్పాను. జగిత్యాల, నిర్మల్ మీదుగా రెండు బస్సులు మారి బోథ్ చేరేసరికి నడిపొద్దు దాటింది.

పత్తి ఏరే కాలం. వాకిట్లో పత్తి కుప్ప ముందు పద్నాలుగేళ్ల పిల్ల కూర్చుని పుల్లా పుడకా ఏరుతోంది. ముఖమంతా మా ఇంటి పోలికే. చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ పత్తి పట్టుకుని, నా కళ్లకు అందనంత చురుగ్గా దులుపుతోంది. వాళ్ల తాత మా ఆయనకు మంచం వాల్చి పక్కనే కూర్చున్నాడు. వదిన నన్ను గుర్తుపట్టింది. తర్వాత నా కడుపు చూసి, "ఎండల వచ్చినవ్, లోపలికి రా పిల్లా" అంది. జుట్టు సగం నెరిసింది. ముప్పై ఐదేళ్లు కూడా ఉండవు.

వంటింట్లో జొన్నరొట్టె పెట్టింది. నేను తినకుండానే మొత్తం చెప్పాను. డాక్టరమ్మ మాట, అన్న బొటనవేలు, అవ్వ ఆడిన అబద్ధం, ఐదో నెల లెక్క. నీ తప్పు కాదు వదినా, మా రక్తంలో ఉంది అన్నాను. గొంతు తగ్గించి, వాకిలి వైపు చూసుకుంటూ చెప్పాను.

ఆమె పొయ్యిలో కట్టె ఎగదోసింది. "ఎప్పుడు తెలిసింది నీకు?" అని అడిగింది.

"ఐదారేండ్లాయె."

"ఐదారేండ్లు" అంది. ఆ మాటలో కోపం ఉంది. ఉండాలి కూడా. "గా ఐదారేండ్లల్ల ఏమైందో ఎరికేనా? అది చిన్నగున్నప్పుడు నా కొంగు ఇడువకుండె. బడికి పోయినంక పోరగాండ్లు పోగు కొరికినదాని బిడ్డ అని ఎక్కిరిచ్చిన్రు. వచ్చి నన్ను అడిగింది. నేను కొరికిన్ననే చెప్పిన. నాకు తెలిసింది గదే గద! రెండేండ్లాయె, నన్ను అవ్వా అని పిలువక. నేను పెడ్తే తినది. తాత పెడ్తే తింటది."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. కొంగుతో చేతులు తుడుచుకుని లేచింది. "నాకు చెప్పుడు కాదు పిల్లా. దానికి చెప్పు. నేను చెప్తే తప్పించుకుంటున్న అనుకుంటది. మీ ఇంటిదానివి నువ్వు చెప్తే నమ్ముతది. జర గట్టిగ చెప్పాలె, దానికి సగమే ఇనవడ్తది. ఎడమ దిక్కు నిలవడి ఒర్లాలె."

నన్ను చెయ్యి పట్టుకుని వాకిట్లోకి తీసుకొచ్చింది. పిల్ల తలెత్తి చూసింది. వదిన నా వైపు చూపించి, చెబుతుంది విను అన్నట్టు సైగ చేసింది. మా ఆయన మూడు గజాల దూరంలో మంచం మీద కూర్చుని ముసలాయనతో మాట్లాడుతున్నాడు. నేను అరిస్తే ఆయనకు వినబడుతుంది. మా రక్తంలో ఉంది అని, కడుపులో బిడ్డతో, ఆయన ముందు అరవాలి. మంచి మనిషే ఆయన. ఏమీ అనకపోయేవాడేమో. ఆ అవకాశం నేను ఆయనకూ ఇవ్వలేదు.

పిల్ల ఎడమ చెవి దగ్గరకు వంగాను. "మీ అవ్వది తప్పులేదు బిడ్డా" అన్నాను. గుసగుసగా అన్నాను. నాకే సరిగా వినబడలేదు. పిల్ల నా పెదవుల వంక చూసింది, అర్థం కాక కళ్లు చిట్లించింది. ఇంకొకసారి చెబుదామని నోరు తెరిచాను. మా ఆయన ఇటు తిరిగి, "ఏంది, ఏమంటున్నది పిల్ల?" అని నవ్వుతూ అడిగాడు. నా నోరు మూసుకుపోయింది.

పిల్ల వదిన వైపు తిరిగింది. రెండేళ్ల తర్వాత తల్లిని అదే మొదటిసారి ఏదైనా అడగడమేమో, ముక్కులోంచి వచ్చే గొంతుతో, "ఏమన్నది?" అంది.

వదిన నా ముఖం చూసింది. నా కడుపు చూసింది. మంచం మీద కూర్చున్న మా ఆయనను చూసింది. తర్వాత బిడ్డ ఎడమ వైపుకు పోయి, వాడంతా వినబడేలా గట్టిగా చెప్పింది.

"ఏం లేదు బిడ్డా. పోయొస్త అంటున్నది."

పిల్ల తలూపి మళ్లీ పత్తి ముందు కూర్చుంది. మా ఆయన బస్సుకు వేళయిందని లేచాడు.